జకర్యా పట్టుకున్న నట్టు

సికింద్రాబాదు బోయిగూడలో ఒక సందు చివర పాడుబడ్డ బంగళా, దాని వెనక రేకుల కప్పుతో ఒక మోటారు కొట్టం ఉండేవి. పగలు చూస్తే అక్కడ భయపడటానికి ఏమీ లేదు. రెండు చెక్క తలుపులు, ఒక తుప్పు గొళ్లెం, తలుపు సందులోంచి వచ్చిపోయే పిల్లులు... అంతే. కానీ దీపాలు పెట్టే వేళ దాటిందా, ఆ సందులోకి అడుగుపెట్టిన మొనగాడు లేడు.

ఎందుకంటే ఆ కొట్టంలో ఒంటికన్ను ఉండేది.

పాలు పోసే తుకారాం స్వయంగా చూశాడు. తలుపు సందులోంచి ముందు ఎర్రగా వెలిగింది. బిందె పట్టుకుని నిలబడిపోయాడు. చూస్తుండగానే... అదే కన్ను పచ్చగా మారింది. ఆ తర్వాత ఏమైందో తుకారాం చెప్పలేడు. అప్పటికే ఆయన స్టేషను దగ్గర ఉన్నాడు, ఖాళీ బిందెతో.

పక్క సందు విమలమ్మ కన్ను చూడలేదు గానీ చప్పుడు విన్నది. "కిర్ర్..." అని ఇనుము ఇనుమును కొరికినట్టు. ఆ వెంటనే ఒక మూలుగు. "హు...ప్!" మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ "కిర్ర్..."

ఇదంతా నిజాం రాజ్యంలోకి యూనియన్ సైన్యం రాకముందు ఏడాది. బతికున్న మనుషులకే భయపడి జనం తలుపులు బిగించుకున్న రోజులు. ఆ రోజుల్లో దెయ్యం భయం ఒక రకంగా ఊరట. దెయ్యం ఎవరి ఇంటికీ రాదు, తన కొట్టంలో తానుంటుంది. అంచేత బోయిగూడ వాళ్లు ఆ ఒంటికన్నును కాస్త ఇష్టంగానే తలుచుకునేవారు. దానికి పేరు కూడా ఉంది.

జకర్యా.

కొట్టంలో ఉన్న మోటారుకు డ్రైవరు ఆయన. ఆ మోటారు ఆ బంగళాలో ఉండిన ఒక రైల్వే దొరది. దొర సీమకు వెళ్లిపోతూ దాన్ని తన దగ్గర నమ్మకంగా పనిచేసిన సామ్యూల్ గారికి ఇచ్చేసి పోయాడు. మోటారుతో పాటు జకర్యా కూడా సామ్యూల్ గారికి వచ్చాడు. బండి కడగడం, తుడవడం, దానితో మాట్లాడటం, ఇదే ఆయన బతుకు. దొర పోయిన రెండు నెలలకే విషజ్వరం వచ్చి జకర్యా పోయాడు. బండి కొట్టంలో పడింది. ముందు చక్రాలు రెండూ గాలి పోయి నేలకు అంటుకున్నాయి.

"జకర్యా ఆ బండిని ఎవలనూ ముట్టనియ్యడు" అని సామ్యూల్ గారే నలుగురిలో చెప్పేవారు. చెప్పి గుండెల మీద చెయ్యి వేసుకునేవారు. ఇక నమ్మక ఏం చేస్తారు?

సామ్యూల్ గారు ముప్ఫై ఏళ్లు రైల్వేలో గార్డు. ఇప్పుడు విశ్రాంతి. అంటే రైలుకు విశ్రాంతి గానీ ఆయనకు లేదు. అన్నం తిని లేవాలన్నా జేబులోంచి గడియారం తీసి చూసి, "రైట్" అనుకుని గానీ లేచేవారు కాదు. చక్రం ఉన్న ప్రతిదీ తన డిపార్టుమెంటే అని ఆయన అభిప్రాయం. అది రైలైనా, మోటారైనా, పక్కింటి పిల్లాడి బొంగరమైనా సరే.

ఆయన కూతురు మేబెల్. రైల్వే ఆఫీసులో టైపిస్టు. ఆమెను పెళ్లి చేసుకోవాలనుకున్న వాడు జ్ఞానశేఖర్. మిషన్ బడిలో లెక్కల మాస్టారు, గుంటూరు వైపు నుంచి మూడేళ్ల క్రితం వచ్చాడు. బుద్ధిమంతుడు. ఎంత బుద్ధిమంతుడంటే, బడి గంట కొట్టే వాడిని కూడా "అండీ" అంటాడు. దెయ్యాలు లేవని పిల్లలకు పాఠం చెబుతాడు. ఆ సందు దగ్గరికి వచ్చేసరికి మాత్రం సైకిలు జోరుగా తొక్కుతాడు.

సైన్యం వచ్చిన మరుసటి నెల, అక్టోబరులో ఒక సాయంత్రం ధైర్యం కూడగట్టుకుని సామ్యూల్ గారి ముందు కూర్చుని, అడగాల్సింది అడిగేశాడు.

సామ్యూల్ గారు గడియారం చూశారు. చాలాసేపు చూశారు.

"చూడు మాస్టర్. బెజవాడ నుంచి ఒక సంబంధం వస్తున్నది. రైళ్లు మళ్ల షురూ అయినయ్ కద. రెండు వారాలల్ల, ఆదివారం నాడు వస్తరు. ఆ పొద్దుగాల నువ్వు నా బండిని లేపి మమ్మల్ని గుడికి తోలుకపో... అదే రోజు మీ ఇద్దరి పెండ్లి ప్రకటన పాస్టర్ గారితోని చదివిపిస్తా. లేదంటే వాళ్లకు కాఫీ ఇస్తా."

"బండి... ఆ కొట్టంలోది కదండీ?" అన్నాడు జ్ఞానశేఖర్.

"ఆ. జకర్యా ఒప్పుకుంటెనే మరి."

వాకిట్లో సైకిలు తీసుకుంటుంటే మేబెల్ గుమ్మం దాకా వచ్చింది.

"లేపుతరు కద సార్?"

"లేపుతానండీ."

"అండీ గిండీ తర్వాత. ముందు బండి లేపుండ్రి" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ పిల్ల కళ్లు తడిగా ఉన్నాయని ఆయనకు అప్పుడే అనిపించింది.

రెండు వారాలు బడి అయ్యాక రోజూ పగటి వెలుగు ఉన్నంతసేపు కొట్టంలోనే ఉన్నాడు. మిషన్ ఆసుపత్రి బండి తోలడం నేర్చుకున్నవాడు కాబట్టి ఇంజిన్ సంగతి కొంత తెలుసు. శుక్రవారానికి ఇంజిన్ దగ్గి, తుమ్మి, చివరికి బుర్రుమంది. ఇక మిగిలింది ముందు చక్రాలు రెండూ మార్చడం. గాలి నిండిన చక్రాలు రెండు గోడకు ఆనించి సిద్ధంగా ఉన్నాయి. పాతకాలపు బండి అది, తీగల చక్రాలు, ఒక్కో చక్రానికి నడిమధ్యన అరచేయంత నట్టు ఒక్కటే.

శనివారం పొద్దున్నే బండి ముందు భాగాన్ని దుంగల మీదికెత్తి, సైకిల్ షాపు బిక్షం దగ్గర పెద్ద పానా అడిగి తెచ్చుకున్నాడు. ఎడమ చక్రం నట్టుకు తగిలించి ఒక్క పట్టు పట్టాడు. వచ్చేసింది. రెండు నిమిషాల్లో చక్రం మారిపోయింది. ఇంత సులువైన పనికి దేవుడికి స్తోత్రం చెప్పుకుని కుడి వైపుకు, డ్రైవరు కూర్చునే వైపుకు వచ్చాడు.

పట్టు పట్టాడు. కదల్లేదు.

రెండు చేతులా పట్టాడు. కదల్లేదు. పానాకు ఇనుప గొట్టం తొడిగి పొడవు చేసి లాగాడు. కదల్లేదు. గొట్టం మీదికెక్కి గెంతాడు. నట్టు కదల్లేదు గానీ ఆయన పంట్లాం వెనక సర్రున చిరిగింది. వేడి చేశాడు. ఇటుకతో కొట్టాడు. బతిమాలాడు. "కాస్త వదలండీ" అని నట్టును కూడా అడిగాడు.

మధ్యాహ్నం దాటింది. కిరసనాయిలు పోస్తే తుప్పు వదులుతుందని ఎవరో చెబితే తెచ్చిన చిన్న సీసా పోసేశాడు. అది చాలక లాంతరులోది కూడా వంపేశాడు. కిరసనాయిలు దొరకడమే గగనం ఆ రోజుల్లో. దీపం సంగతి ఆయనకు అప్పుడు తట్టలేదు.

పొద్దు వాలింది. సందు మొదట్లోంచి బిక్షం కేకేశాడు. లోపలికి మాత్రం రాలేదు.

"సార్! పొద్దు గూకింది. బయటికి రాండ్రి! ఆ నట్టును జకర్యా అన్న పట్టుకున్నడు, వదలడు. పానా రేపియ్యుండ్రి పర్వాలె!"

"ఒక్క పావుగంటండీ!"

"అయ్యో, పరేషాన్ చేస్తున్నరు గద సార్..." బిక్షం గొంతు దూరమైంది. అడుగుల చప్పుడు పరుగైంది.

పావుగంట అయింది. చీకటి పడింది. ఒత్తికి అంటిన నూనెతో వెలిగించిన లాంతరు ఒక్కసారి ఎగిసి... ఆరిపోయింది.

జ్ఞానశేఖర్ నేలమీద కూలబడ్డాడు. తలుపు నాలుగు అడుగుల దూరంలో ఉంది. లేచి వెళ్లిపోవచ్చు. కానీ వెళ్లిపోతే తెల్లారి బెజవాడ వాళ్లు వస్తారు, కాఫీ తాగుతారు, మేబెల్‌ను చూస్తారు. దెయ్యం వస్తే రానీ, అనుకున్నాడు.

అనుకోకుండా ఉంటే బాగుండేది.

సందులో అడుగుల చప్పుడు. బరువుగా... మెల్లగా... ఆగి, మళ్లీ.

తలుపు సందులో ఎర్రటి వెలుగు.

ఒంటికన్ను!

అది ఆగింది. ఆయన ఊపిరి కూడా ఆగింది. ఇరవై మూడో కీర్తన మొదలుపెడదామంటే మొదటి మాటే గుర్తు రాలేదు. ఇంతలో టక్కుమని చిన్న చప్పుడు... కన్ను పచ్చబడింది. పచ్చబడి... ముందుకు కదిలింది.

జ్ఞానశేఖర్ ఎలా వెళ్లాడో తెలీదు, మోటారు కింద ఉన్నాడు. వెల్లకిలా, రెండు ముందు చక్రాల మధ్య, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని.

తలుపు కిర్రుమంది. పచ్చ కన్ను లోపలికి వచ్చి కుడి చక్రం పక్కనే నేలమీద దిగింది. టక్. తెల్లబడింది. ఆ వెలుగులో చక్రం తీగల మధ్య నుంచి రెండు కాళ్లు కనపడ్డాయి. నున్నగా పాలిష్ పెట్టిన నల్ల బూట్లు.

దెయ్యం మోకాళ్ల మీద కూర్చుంది. పానా అందుకుంది. నట్టుకు తగిలించింది.

"కిర్ర్... హు...ప్!"

ఆ తర్వాత నడుము పట్టుకుని మూలిగింది.

"జకర్యా... ఒక్కసారి చెప్పురా నాయనా. ఏడాదాయె, రాత్రిళ్లు దొంగ లెక్క వచ్చి దీంతోని తక్లీఫ్ పడుతున్న. ముప్ఫై ఏండ్ల సర్వీసు, ఒక్క నట్టు ఇప్పరాదాయె. ఎవలకన్న తెలిస్తే నవ్వరా?"

జ్ఞానశేఖర్ కళ్లు పెద్దవయ్యాయి. ఆ గొంతు! ఆ దీపం! ఒక అద్దం అడ్డం తిప్పితే ఎరుపు, ఇంకోటి తిప్పితే పచ్చ... గార్డు చేతి దీపం. ఆగేటప్పుడు ఎరుపు, కదిలేటప్పుడు పచ్చ చూపించకుండా అడుగు వేయలేని ముప్ఫై ఏళ్ల అలవాటు.

సామ్యూల్ గారు!

బోయిగూడను ఏడాదిగా వణికించిన దెయ్యం తనకు కాబోయే మామగారని తెలిస్తే నవ్వాలో ఏడవాలో ఎవరికి తోస్తుంది? నవ్వే వచ్చింది. పెదవి కొరుక్కున్నాడు. కానీ తర్వాతి మాటకు నవ్వు ఆగిపోయింది.

"పాపం ఆ మాస్టర్ పిల్లగాడు పొద్దుగాల్నుంచి చచ్చి, దీపం ఆర్పుకుని పోయినట్టున్నడు. ఇంట్ల నా బిడ్డ అన్నం ముట్టలె. నేనే నోరు జారి షరతు పెట్టిన్రా జకర్యా. జెర సడలించు. సగం నేను తిప్పి పోత, మిగిలింది పొద్దుగాల వాడు తిప్పుకుంటడు... నా మాట నిలుస్తది, పిల్ల బతుకు నిలుస్తది."

మళ్లీ పట్టారు. "కిర్ర్..."

కింద పడుకున్న లెక్కల మాస్టారికి రెండు చక్రాలూ ఒకదానికొకటి ఎదురుగా కనిపిస్తున్నాయి. పగలంతా బయట నిలబడి చూసినప్పుడు తట్టనిది ఇప్పుడు తట్టింది. బండి ముందుకు పోతే ఎడమ చక్రం ఒక దిక్కుకు తిరిగినట్టు కనపడుతుంది, అవతల నిలబడి చూస్తే కుడిది ఎదురు దిక్కుకు. మొన్ననే బిక్షం తన సైకిలు ఎడమ పెడలు మారుస్తూ వింతగా తిప్పాడు. అదేమిటండీ అంటే, "ఒక దిక్కు పెడలుకు ఉల్టా మర ఉంటది సార్, తొక్కుతుంటే ఊడిపోకుండ" అన్నాడు.

అంటే ఈ కుడి నట్టుకూ ఉల్టా మరే... పగలంతా తాను, ఏడాదిగా సామ్యూల్ గారు... విప్పుతున్నామనుకుని బిగిస్తున్నారు!

అరిచి చెబుదామనుకున్నాడు. చెబితే? కాబోయే మామగారు దొంగ దెయ్యమై దొరికిపోతారు. అంత అభిమానం గల మనిషి ఇక తన మొహం చూస్తారా? చెప్పకపోతే? నట్టు రాదు. తెల్లారితే కాఫీలు.

గొంతు వీలైనంత లోతుగా చేసుకుని, వణుకుతూ గుసగుసలాడాడు.

"తిరగేసి... తిప్పండి..."

పానా నేలమీద పడింది. ఠంగ్!

బూట్లు గడగడా వణికాయి. తర్వాత మెల్లగా ఒక చెయ్యి పానా తీసుకుంది. ఎదురు దిక్కుకు తగిలించింది. పట్టింది.

"కిర్ర్ర్ర్... టక్!"

వదిలింది! ఏడాది మొండితనం ఒక్క క్షణంలో వదిలింది. సామ్యూల్ గారు వెనక్కి చతికిలబడ్డారు. చిన్నపిల్లాడిలా నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. చక్రం పడిపోకుండా నట్టును వేళ్లతో కాస్త తిప్పి వదిలేసి, లేచి దీపం తీసుకున్నారు.

తలుపు దగ్గరికి వెళ్లి ఆగారు. డ్రైవరు సీటు వైపు తల తిప్పారు.

"ఆఁ?... అట్లనా?" అన్నారు నెమ్మదిగా.

ముసలాయన తనలో తాను మాట్లాడుకుంటున్నాడు కాబోలు, అనుకున్నాడు జ్ఞానశేఖర్. పచ్చ వెలుగు సందులో దూరమైపోయింది.

తెల్లారేసరికి సందంతా జనం. తుకారాం, బిక్షం, విమలమ్మ, ఇంకా పేరు తెలియని వాళ్లు. రాత్రి మాస్టారు బయటికి రాలేదని బిక్షం చాటింపు వేశాడు మరి. వచ్చి చూస్తే కుడి చక్రం మారి ఉంది, బండి నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంది, పక్కన చిరిగిన పంట్లాంతో మాస్టారు.

సామ్యూల్ గారు కోటు వేసుకుని, భార్య రోసమ్మనూ మేబెల్‌నూ వెంటబెట్టుకుని వచ్చారు. అందరికీ వినపడేలా అడిగారు.

"ఏం మాస్టర్! ఇప్పినవా నట్టు?"

అవునంటే అయిపోయేది. సామ్యూల్ గారి కళ్లు కూడా అనమనే బతిమాలుతున్నాయి. మేబెల్ ఊపిరి బిగబట్టి చూస్తోంది. కానీ జ్ఞానశేఖర్‌కు జన్మలో అబద్ధం అచ్చిరాలేదు. పైగా అది ఇంకొకరి కష్టం.

"లేదండీ. నేను విప్పలేదు."

మేబెల్ తల వాలిపోయింది. సామ్యూల్ గారి మొహం పాలిపోయింది.

"మరి ఎవలిప్పిన్రు?" అంది విమలమ్మ.

జ్ఞానశేఖర్ సామ్యూల్ గారి బూట్ల వైపు ఒక్కసారి చూశాడు. పాలిష్ మీద ఎర్ర తుప్పు, కిరసనాయిలు మరక.

"ఈ కొట్టంలో ఏడాదిగా తిరుగుతున్న దెయ్యమేనండీ. రాత్రి వచ్చింది, విప్పింది, వెళ్లిపోయింది. చాలా మంచి దెయ్యం. ఇక రాదు."

జనం నోళ్లు తెరిచారు. బిక్షం తన పానాను పుణ్యక్షేత్రం నుంచి వచ్చినట్టు కళ్లకద్దుకున్నాడు. సామ్యూల్ గారు గడియారం తీసి, చూసి, గొంతు సవరించుకున్నారు.

"మేం దెయ్యాన్ని చూస్తే ఉరుకుతం. ఈయన దెయ్యంతోని పని చేపిచ్చిండు. ఇంతకన్న మొగోడు నాకు బెజవాడల దొరుకుతడా? ఎక్కుండ్రి బండి! ఆ... ఉండు ఉండు. మాస్టర్, ముందు బ్రేకు రాడ్డు చూడు. పిన్ను ఉన్నదా?"

వంగి చూస్తే లేదు. జకర్యా జ్వరంతో పడకముందు విప్పి మళ్లీ పెట్టలేకపోయిన పిన్ను కాబోలు. అలాగే బయల్దేరితే రోడ్డు మొదటి వాలులోనే బ్రేకు చేతికి వచ్చేది. బిక్షం షాపు నుంచి ఒక పిన్ను తెచ్చి పెట్టారు. అంతా గార్డు గారి ముందుచూపును మెచ్చుకున్నారు.

గుడి మెట్ల దగ్గర సామ్యూల్ గారు కోటు జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి పాస్టరు గారికిచ్చారు. పెళ్లి ప్రకటన. ఆయన చేతిరాతే. కింద వేసిన తేదీ చూస్తే రెండు వారాల నాటిది, షరతు పెట్టిన రోజుది. మేబెల్ అది చూసి తండ్రి భుజానికి తల ఆనించి ఏడ్చేసింది. బెజవాడ వాళ్లు పెళ్లిచూపులకని వచ్చి, ప్రకటన విని, రోసమ్మ పెట్టిన భోజనం తృప్తిగా తిని వెళ్లారు.

మూడు ఆదివారాల్లో మూడు ప్రకటనలయ్యాయి. పెళ్లయింది. విందు రోజు సాయంత్రం మామా అల్లుళ్లిద్దరూ పళ్లేలు పట్టుకుని మోటారు పక్కన నిలబడ్డారు. ఇక దాచడం ఎందుకని జ్ఞానశేఖర్ గొంతు విప్పాడు.

"మావయ్యగారూ... ఆ రాత్రి బండి కింద..."

"నువ్వే అని నాకు తెల్వదా?" సామ్యూల్ గారు నవ్వారు. "తిప్పండి అనే దెయ్యం మా నిజాం రాజ్యంల ఎక్కడన్న ఉంటదా? అప్పుడు జడుసుకున్న గని, ఇంటికి పొయ్యేటప్పటికే ఎరుకైంది. పొద్దుగాల నలుగుట్ల నా పరువు తీస్తవేమో అనుకున్న. నీ పెండ్లి పోయినా సరే అని నా పరువు నిలబెట్టినవ్. గందుకే అల్లుడా... బిడ్డనిచ్చిన అని కాదు, నాకు కొడుకు దొరికిండు అనుకున్న."

సామ్యూల్ గారు అల్లుడి వీపు తట్టారు.

"కాని ఆ రెండో మాట మాత్రం మస్తు అన్నవ్. అచ్చం జకర్యా లెక్క. 'గార్డ్ సాబ్, బిరేకు పిన్ను లేదు, జెర చూస్కో' అంటివి గద నేను పోంగ... మా యాస ఎప్పుడు నేర్చినవ్?"

జ్ఞానశేఖర్ చెయ్యి పళ్లెంలో అలాగే ఆగిపోయింది.

"రెండో మాటా?... నేను అన్నది ఒక్కటేనండీ."

సామ్యూల్ గారి నవ్వు సగంలో ఆగింది. ఇద్దరూ మెల్లగా మోటారు వైపు తిరిగారు. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది.

ఆ మోటారు ఇంకో పన్నెండేళ్లు సికింద్రాబాదులో తిరిగింది. ఒక్కసారి కూడా ఎక్కడా ఆగలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. తోలడానికి ఎక్కే ముందు మాత్రం జ్ఞానశేఖర్ మాస్టారు తలుపు తీసి, ఖాళీ సీటు వైపు వంగి, గౌరవంగా ఒక మాట అనేవాడని మేబెల్ చెబుతుంది.

"జకర్యా గారూ, కాస్త అటు జరగండి."

జరిగాక కూర్చునేవాడట.